నిదానం మేడం కొన్న బండి

ఆ ఊళ్ళో కారు నడపడం నేర్చుకున్న ఆడవాళ్ళలో సగం మందికి ఆమె అసలు పేరు తెలియదు. నిదానం మేడం అంటే మాత్రం ఇట్టే గుర్తుపడతారు. డ్రైవింగ్ స్కూల్లో చేరి, చెమట చేతులతో మొదటిసారి స్టీరింగు పట్టుకున్న ఎవరికైనా పక్క సీట్లోంచి వినబడే మొదటి మాట "నిదానం". క్లచ్చి వదిలేటప్పుడు నిదానం, మలుపు తిప్పేటప్పుడు నిదానం, ఎదురుగా బస్సు వస్తుంటే మరీ నిదానం. గొంతు పెంచేది కాదు, విసుక్కునేది కాదు. బండి గోడ మీదికి పోతున్నా సరే, ఆ మాట అదే స్వరంలో అనేసి, తనవైపున్న బ్రేకు తొక్కేది.

నేర్పే బండికి రెండు వైపులా పెడల్సు ఉంటాయి. ఆమె వైపు బ్రేకు ఉంది, క్లచ్చి ఉంది. యాక్సిలరేటరు లేదు. పెళ్ళయిన కొత్తలో ఈ ఉద్యోగంలో చేరింది, జుట్టు నెరిసేదాకా ఆ పక్క సీట్లోనే కూర్చుంది. ఎప్పుడూ బ్రేకు మీద గాలిలో నిలిపి ఉంచే కాలు కాబట్టి, ఇంట్లో కూర్చుని కూరగాయలు తరుగుతున్నా ఆ పాదం నేల మీద పూర్తిగా ఆనేది కాదు. భర్త స్కూటరు వెనక కూర్చుంటే పాపం ఆ ఫుట్‌రెస్టు దారంతా తొక్కుడు తినేది.

ఇంత నిదానం మనిషి మనసు పారేసుకున్నది మాత్రం ఒక పొగరుబోతు బండి మీద.

అది ఆమె కాలేజీ చదువుతున్నప్పటి సంగతి. మేనమామకి ఊరి చివర రిపేరు షెడ్డు ఉండేది. ఒకరోజు అక్కడికి చిన్న కారొకటి వచ్చింది. చూడ్డానికి బజారుకెళ్ళి సరుకులు తెచ్చుకునే బండిలాగే ఉంది. ముందు రెండే తలుపులు, వెనక డిక్కీ తలుపు, కురచగా తెగ్గొట్టినట్టు తోక. మామ గేరుబాక్సు బాగుచేసి, ఎలా ఉందో చూద్దామని రోడ్డెక్కించాడు. మేనకోడలు కూడా వస్తానంటే ఎక్కించుకున్నాడు. ఊరు దాటాక, ఖాళీ రోడ్డు మీద, ఏమనుకున్నాడో ఏమో స్టీరింగు ఆమెకిచ్చాడు. అప్పటికే బండి నడపడం వచ్చు ఆమెకి. మూడో గేరులో వేసి తొక్కింది. మొదట ఏమీ కాలేదు. బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టయింది. ఆ తర్వాత ముందునుంచి సన్నగా ఈల లాంటి చప్పుడు లేచి, వెనకనుంచి ఎవరో రెండు చేతులూ వీపు మీద ఆనించి నెట్టినట్టు బండి ముందుకు దూకింది. రోడ్డు పక్క చెట్లన్నీ ఒకే గీత అయిపోయాయి.

"టర్బో లేచింది" అన్నాడు మామ నవ్వుతూ. పొగగొట్టంలోంచి ఊరికే పోయే వేడి గాలిని పట్టుకుని, దాంతోనే ఒక బుల్లి చక్రం తిప్పి, ఇంజనులోకి ఇంకా గాలి కుక్కుతారని తిరుగుదారిలో వివరంగా చెప్పాడు. ఆమెకి అందులో ఒక్క ముక్క ఎక్కలేదు. మర్నాడు దాని యజమాని వచ్చి తీసుకుపోతుంటే, మలుపు తిరిగేదాకా షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

తర్వాత జీవితం ఎవరికైనా గడిచినట్టే గడిచింది. పెళ్ళయింది. భర్తకి కళ్ళజోళ్ళ షాపు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి, కానీ మెత్తని మనిషి. కూతురు పుట్టింది, పెరిగింది, నర్సయింది. అత్తగారు మంచాన పడి చాలాకాలం తీసుకున్నారు. ఇంటికి ఎప్పుడూ వేరే అవసరమేదో ఉండేది, సొంత కారు మాటే రాలేదు. ఈలోగా కంపెనీ ఆ బండి తయారుచెయ్యడం మానేసింది. మొదట్లో రోడ్డు మీద తరచూ కనబడేది. పోనుపోను అరుదైపోయింది. కనబడిన రోజున ఆమె మొహంలో ఏదో తేడా ఉండేదని ఇంట్లోవాళ్ళు గమనించనే లేదు. ఒకసారి ఓ బ్యాంకు ఉద్యోగినికి నేర్పుతుండగా ఎర్రది ఒకటి పక్కనుంచి ఈల వేసుకుంటూ పోయింది. మేడం తల తిప్పి, అది పోయిన వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు మాత్రం ఆ శిష్యురాలే బ్రేకు వేసుకుంది.

అత్తగారు పోయి, కూతురు ఆసుపత్రి క్వార్టర్స్‌కి మారాక, ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయింది. ఒకరోజు భోజనాల దగ్గర ఆమె నెమ్మదిగా అంది, నేనొక కారు కొనుక్కుంటానని. ఏ కారో కూడా చెప్పింది. భర్త తల ఊపి మజ్జిగ పోసుకున్నాడు. ఆ పూట ఇంటికొచ్చి ఉన్న ఆడపడుచు మాత్రం అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది.

"వదినా, కొనుక్కుంటే ఎక్కి దిగడానికి వీలుగా ఉండే పెద్ద కారు కొనుక్కో. ఆ పాత డబ్బాకి ఉన్నవి రెండు తలుపులు. వెనక సీట్లోకి నన్ను మడతపెట్టి తోస్తావా?"

ఆమె నవ్వేసి ఊరుకుంది. కానీ ఆ రాత్రికే ఫోన్లో పాత కార్ల ప్రకటనలు వెతకడం మొదలుపెట్టింది.

వెతకడం అంటే అంతా ఇంతా కాదు. ఒక శిష్యురాలు దిగి ఇంకొకరు ఎక్కేలోపు, టీ చల్లారేలోపు, స్కూటరు సిగ్నల్ దగ్గర ఆగి కదిలేలోపు ఫోను తీసేది. అసలే మిగిలినవి తక్కువ. ఆ తక్కువలో, కుర్రతనం ఉన్నవాళ్ళ చేతుల్లో పడి బతికిబట్టకట్టినవి ఇంకా తక్కువ. మొదట చూసినది పసుపు రంగుది, ఒక వ్యాయామశాల శిక్షకుడిది. ఫొటోల్లో పెళ్ళికూతురిలా ఉంది. దగ్గరికి వెళ్తే నేలకి ఆనుకుపోయేంత కిందికి దించి, వెనక బిందె మూతంత పొగగొట్టం తగిలించి ఉంది. ఆమె వంగి, కాళ్ళ దగ్గరి కార్పెట్టు ఎత్తి చూసింది. కింద తడి. ఆ తడి కింద తుప్పు తిన్న రేకు వేలితో నొక్కితే పెళపెళలాడింది. థాంక్స్ చెప్పి వచ్చేసింది.

రెండోది ఒక డీలరు దగ్గర. నల్లది, తళతళలాడుతోంది. ఆమె తాళం అడగలేదు, తలుపు తెరవలేదు. జ్వరం చూసినట్టు బానెట్టు మీద అరచెయ్యి పెట్టింది. వేడిగా ఉంది. టర్బో లోపల అరిగిపోతే, చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడే నీలం పొగ వచ్చి దాని సంగతి బయటపెడుతుంది. అందుకే ఆవిడ వచ్చేలోపే వేడెక్కించి పెట్టారు. రేపు పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు వస్తానని ఆమె అంటే, రేపటిదాకా ఉండదండీ, క్యూలో జనం ఉన్నారన్నాడు డీలరు. ఆ బండి ఇంకా చాలాకాలం అక్కడే ఉండడం ఆమె బస్సులోంచి చూస్తూనే ఉంది.

మూడోది మంచిది. అదే బాధ. వేరే ఊళ్ళో, ఒక స్కూలు మేష్టారిది. ఫోన్లో ఆయన దాచకుండా అన్నీ చెప్పాడు, అడగనివి కూడా. ఆమె సెలవు పెట్టి రైలెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, తిరుగు ప్రయాణం రోడ్డు మీదే కదా, ఏ ఏ మలుపులు వస్తాయో ఊహించుకుంటూ కూర్చుంది. సగం దారిలో ఉండగా మేష్టారు ఫోన్ చేశాడు. ఆయన అన్నగారు మాటమాత్రం చెప్పకుండా వేరేవాళ్ళకి మాటిచ్చేశాడట. ఆయన గొంతులో సిగ్గు వినబడుతుంటే ఈమే ఆయన్ని ఓదార్చింది. తర్వాత స్టేషన్లో దిగి, ఎదురు రైలు కోసం బల్ల మీద కూర్చుంది. పక్కనున్నావిడ, ఎవరినైనా దింపడానికి వచ్చారా అని అడిగింది. అవునంది.

ఇంటికొచ్చాక ఫోన్లోంచి ఆ ప్రకటనల యాప్ తీసేసింది. ఆడపడుచు మళ్ళీ ఏమైనా అంటుందేమోనని ముందే జవాబు సిద్ధం చేసుకుంది, కానీ ఆమె ఏమీ అనలేదు. అలా అనకపోవడం ఇంకా కష్టంగా అనిపించింది. వానలు వచ్చి వెళ్ళాయి. కొత్త బ్యాచ్‌లు వచ్చి వెళ్ళాయి. మేడం ఎప్పటిలాగే నిదానం అంటూ పక్క సీట్లో కూర్చుంది.

భర్త మాత్రం ఆ బండి సంగతి మరిచిపోలేదు. మరిచిపోలేదని ఆమెకి తెలియదు.

ఒక మధ్యాహ్నం ఆయన షాపుకి ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన సర్వేయరు. జీవితమంతా దుర్భిణి పెట్టి భూములు కొలిచిన మనిషికి ఇప్పుడు చూపు మధ్యలో మసక పడింది. చుట్టూ కనబడుతుంది, సూటిగా చూసినదే కనబడదు. డాక్టర్లు చెప్పింది నమ్మబుద్ధి కాక, అద్దాలు మారిస్తే ఏమైనా లాభముంటుందేమోనని వచ్చాడు. ఉన్న అద్దాలన్నీ పెట్టి చూశాక, లాభం లేదండీ అని చెప్పక తప్పలేదు. పెద్దాయన తన పాత కళ్ళజోడే మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత "అయితే బండి అమ్మేయాలన్నమాట" అన్నాడు, తనతో తనే అనుకున్నట్టు. ఏం బండండీ అని షాపాయన మర్యాదకి అడిగాడు. జవాబు వినగానే, సాయంత్రం దాకా తెరిచి ఉండాల్సిన షాపుకి షట్టరు దించేసి, స్కూటరెక్కి నేరుగా డ్రైవింగ్ గ్రౌండుకి వచ్చాడు.

కారు అద్దంలోంచి భర్త మొహం చూసి ఆమె గబగబా అద్దం దించింది. ఎవరికేమైందో అనుకుంది. ఆయన వంగి, స్టీరింగు దగ్గరున్న శిష్యురాలికి క్షమాపణ చెప్పి, "ఆకుపచ్చదట. ఒకే చేతి మీద నడిచిందట. ఆదివారం రమ్మన్నారు" అని మళ్ళీ స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

ఆదివారం భార్యాభర్తలిద్దరూ వెళ్ళేసరికి, సర్వేయరు ఇంటి వెనక ఇటుకల గదిలో, పాత దుప్పటి కప్పుకుని ఉంది అది. ఆయన ఒక కొస, భార్య ఒక కొస పట్టుకుని దుప్పటి లాగారు. ముదురు ఆకుపచ్చ. పైకప్పు మీద రంగు ఎండకి వెలిసింది. వెనక తలుపు కింద ఎప్పుడో పడిన సొట్ట అలాగే ఉంది. డ్రైవరు సీటు అంచున గుడ్డ ఎక్కి దిగీ ఎక్కి దిగీ నునుపుదేలింది. ఎక్కడా కొత్త తళుకు లేదు, ఎక్కడా మోసం లేదు. కార్పెట్టు కింద రేకు పొడిగా, గట్టిగా ఉంది.

"ముట్టుకుని చూడండమ్మా. పొద్దున్నించి తియ్యలేదు" అన్నాడు పెద్దాయన, తనే బానెట్టు చూపిస్తూ.

చల్లగా ఉంది. తాళం తిప్పితే ఒక్క తిప్పుకే అందుకుంది. వెనక కాస్త తెల్లటి ఆవిరి వచ్చి పోయింది, నీలం జాడ లేదు. ఆమె ఆ చప్పుడు వింటూ అలాగే నిలబడింది. అంతకాలం తర్వాత విన్నా, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టే ఉంది.

నడిపి చూడమన్నాడు. తను పక్కన కూర్చున్నాడు. ఆమె అద్దాలు సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది, వెనక చూసుకుంది, ఇండికేటరు వేసింది. వీధులు దాటింది, బయటి రోడ్డెక్కింది. రోడ్డు ఖాళీగా ఉంది. తొక్కాలి. తొక్కడానికే కదా ఇన్నేళ్ళూ కలలు కన్నది. కానీ పాదం దిగలేదు. ఎంత చెప్పినా వినని పిల్లలా, పెడలు మీద గాలిలో నిలబడిపోయింది. బండి మెత్తగా, మర్యాదగా నడిచింది. ఈల ఒక్కసారైనా లేవలేదు. చక్కగా తిప్పుకొచ్చి ఇటుకల గదిలో పెట్టింది. పరీక్షయితే నూటికి నూరు మార్కులు వచ్చేవి.

పెద్దాయన బెల్టు విప్పుకున్నాడు.

"బాగా నడుపుతారమ్మా మీరు, వంక పెట్టడానికి లేదు. కానీ దీన్ని మీరు నడపలేదు, మోసుకొచ్చారు. ఇంతకుముందు వచ్చినవాళ్ళు దీన్ని చంపేస్తారని ఇవ్వలేదు. మీ దగ్గరైతే అరల్లో పెట్టిన పట్టుచీరలా ఉండిపోతుందేమో. నాకు కాస్త ఆలోచించుకోనివ్వండి."

వంటింట్లో టీ కప్పులు కడుగుతూ ఆయన భార్య ఆమెతో మెల్లగా అంది, రోజూ పొద్దున్నే వెళ్ళి అందులో కూర్చుంటారమ్మా, ఇంజను కూడా వెయ్యరు, అది వెళ్ళిపోతే ఎక్కడ కూర్చుంటారో నాకు తెలియదు అని. అది అమ్మొద్దనడమో, తొందరగా తీసుకెళ్ళమనడమో ఈమెకి అర్థం కాలేదు.

భర్త స్కూటరు తీశాడు. ఆమె స్కూటరు వెనక కూర్చుని తన కాలినే తిట్టుకుంటూ వచ్చింది. డీలరు మోసం చేసినప్పుడు కోపమొచ్చింది, మేష్టారి బండి చేజారినప్పుడు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఏదీ రాలేదు. బండి దొరికింది, దానికి తగిన మనిషే దొరకలేదు. ఆ వారమంతా పాఠాల మధ్యలో ఆ ఇటుకల గది కళ్ళముందు ఆడుతూనే ఉంది. పెద్దాయన ఈపాటికి వెళ్ళి కూర్చుని ఉంటాడని అనుకునేది. ఆయన మీద అసూయ పడాలో జాలి పడాలో తెలిసేది కాదు.

చివరికి ఆయనే ఫోన్ చేశాడు. అమ్మే సంగతి కాదు, ఒక సాయం కావాలన్నాడు. చెప్పడానికి చాలాసేపు నసిగాడు. ఇంట్లో ఎవరిని అడిగినా ఒంటికాలి మీద లేస్తున్నారట. ఇంకొక్కసారి తనే నడపాలని ఉందట. రోడ్డు మీద కాదు, ఎవరూ లేనిచోట. "మీ గ్రౌండు ఉంది కదా. మీరు పక్కన కూర్చుంటే చాలు. చూడాల్సింది మీరు చూసి చెప్పండి."

డ్రైవింగ్ స్కూలు గ్రౌండు అంటే, మూతపడిన మిల్లు వెనకనున్న పొడుగాటి కాంక్రీటు మైదానం. ఒకప్పుడు లారీలు నిలిపేవారు. స్కూలు యజమానిని ఒప్పించి, సెలవురోజు పొద్దున్నే గేటు తెరిచింది. ముందుగా తనే ఆ చివరి దాకా నడిచి, పాఠాల కోసం పెట్టిన ప్లాస్టిక్ స్తంభాలన్నీ పక్కకి లాగింది, రాళ్ళు ఏరేసింది. తర్వాత పెద్దాయన్ని ఆ ఆకుపచ్చ బండిలోనే ఇంటినుంచి తీసుకొచ్చి, మైదానం మొదట్లో బండి ఆపి, సీటు మారింది. మళ్ళీ పక్క సీటు. కూర్చోగానే అలవాటుగా కాలు బ్రేకు కోసం వెతికింది. అక్కడ ఉత్త కార్పెట్టే తగిలింది.

పెద్దాయన ఆమెవైపు తిరిగాడు. "మీ చెవి కనబడుతోంది. మొహం లేదు" అని చిన్నగా నవ్వాడు. చేతులు మాత్రం ఏదీ వెతుక్కోలేదు. గేరు, బెల్టు, తాళం అన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి ఆయనకి.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నేరుగా ఉంది, ఎదురేమీ లేదు, కాస్త ఎడమకి, అంతే, చాలు. మొదటి చుట్టు నడకలా సాగింది. రెండో చుట్టులో ఆయన భుజాలు దిగాయి. మూడోసారి మైదానం మొదట్లోకి వచ్చాక, ముందు ఉన్న ఖాళీనంతా ఒకసారి చూసుకుని ఆమె అంది:

"ఇప్పుడు పోనివ్వండి. నేరుగా ఉంది. ఇంకా. ఇంకా పోనివ్వండి."

బండి ఊపిరి బిగబట్టింది. ఈల లేచింది. సీటు ఆమె వీపుని ముందుకు తోసింది. బ్రేకు లేని చోట, కంటిచూపు సరిగా లేని మనిషి పక్కన కూర్చుని, భయపడాల్సిన ఆ క్షణంలో ఆమె పాదం మొదటిసారి కార్పెట్టు మీద పూర్తిగా ఆని ఉంది. పెద్దాయన నోరు కొద్దిగా తెరుచుకుంది. గోడ ఇంకా దూరాన ఉండగానే ఆమె ఆపమంది. ఆయన ఆపాడు, కుదుపు లేకుండా.

ఇంజను తిరుగుతూనే ఉంది. ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆమె బయటికి, మిల్లు గోడ మీద మొలిచిన గడ్డి వైపు చూస్తూ ఉంది. ఆ తర్వాత ఆయన తలుపు తీసుకుని దిగి, బానెట్టు మీద చెయ్యి రాస్తూ ఆ అంచు పట్టుకునే చుట్టూ తిరిగి వచ్చాడు.

"చాలమ్మా. ఇక నువ్వు ఎక్కు" అన్నాడు. మీరు అనడం అప్పుడే మానేశాడు.

ఆమె ఎక్కింది. ఈసారి పాదం అడ్డం చెప్పలేదు. ఆ కాంక్రీటు మీద ఎన్ని చుట్లు తిరిగిందో ఆమె లెక్కపెట్టుకోలేదు. పెద్దాయన కళ్ళు మూసుకుని వింటూ ఉన్నాడు. ఇంటికి తిరిగి వచ్చాక, దుప్పటి మడతపెట్టి వెనక సీట్లో పడేసి, తీసుకెళ్ళమన్నాడు.

అలా ఆ బండి ఆమె ఇంటి కిందికి వచ్చింది. భర్త మొదటిసారి ఎక్కినప్పుడు పైనున్న పిడి గట్టిగా పట్టుకుని, "నావైపు బ్రేకు పెట్టించలేదా?" అని అడిగాడు. అంత పొడుగు మాట ఆయన కారులో ఇంకెప్పుడూ అనలేదు. ఆడపడుచుని నిజంగానే మడతపెట్టి వెనక సీట్లోకి తోయాల్సి వచ్చింది. తిట్టుకుంటూ ఎక్కింది, దిగేటప్పుడు మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. కూతురు డ్యూటీ దిగే వేళకి ఒక్కోరోజు ఆసుపత్రి గేటు దగ్గర ఆకుపచ్చ బండి ఎదురుచూస్తూ కనబడేది.

కానీ ఇటుకల గది గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి మనసు ఒకలా అయ్యేది. తను ఇన్నేళ్ళు ఎదురుచూసింది దొరికితే, ఇంకొకరికి ఎదురుచూడడానికైనా ఏమీ మిగలలేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. పెద్దాయన్ని షికారుకి రమ్మని చాలాసార్లు పిలిచింది. పక్కన కూర్చోవడం తన వల్ల కాదమ్మా అని సున్నితంగా తప్పించుకున్నాడు. బండిని చూడడానికి కూడా రాలేదు.

ఫోన్ మాత్రం చేస్తాడు. వాన పడితే కిటికీలోంచి నీళ్ళొస్తున్నాయా అని, ఎండ కాస్తే నీడన పెట్టావా అని. ఒక ఆదివారం పొద్దున ఆమె ఊరి బయట రోడ్డు మీద ఉండగా ఫోన్ వచ్చింది. పక్కకి తీసి ఆపి, బండిలోనే ఉన్నానని చెప్పింది. అయితే ఫోను పెట్టెయ్యకమ్మా, అలాగే ఉంచు అన్నాడు. ఆమె స్పీకరు నొక్కి, ఫోను పక్క సీట్లో పెట్టి, రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి బండి కదిలించింది. రెండో గేరు, మూడో గేరు, ఈల, వీపు మీద ఆ నెట్టుడు. మలుపు దగ్గర నెమ్మదించి మళ్ళీ ఆపింది. ఫోను చేతిలోకి తీసుకుంది.

"మూడోది తొందరగా వేసేశావు" అన్నాడు పెద్దాయన. "ఇంకాస్త ఆగి వెయ్యాలి. ఏదీ, మళ్ళీ వెళ్ళు, వింటాను."